రైలు వచ్చేలోపు

న్యూయార్క్ సబ్‌వేలో మొదటి రైలు 1904 అక్టోబర్ 27న నడిచింది. సిటీ హాల్ నుంచి 145వ వీధి వరకు దారి, అందులో ఎక్కువ భాగం నేల కింద. టికెట్టు 5 సెంట్లు. 1948 దాకా ఆ ధర మారలేదు. జనాన్ని పనికి చేర్చి, మళ్లీ ఇంటికి చేర్చడానికి తవ్విన ఈ సొరంగాల్లో తర్వాతి నూరేళ్లలో మూడు కళలు కాపురం పెట్టాయి: గోడరాత, పాట, కవిత. ఎంత తొందరలో ఉన్నవారైనా ఇక్కడికొచ్చేసరికి రైలు కోసం నిలబడక తప్పదు. ఎక్కాక తమ స్టేషన్ వచ్చేదాకా చేసేదేమీ ఉండదు. ఆ కొద్ది నిమిషాలు కంటికీ చెవికీ పని లేదు. మూడు కళలూ ఆ ఖాళీనే ఆసరా చేసుకున్నాయి. అయితే వాటిలో ఒకటి అడగకుండా చొరబడి, చివరికి తుడిచివేతకు గురైంది. ఒకటి కోర్టు తీర్పుతో నిలదొక్కుకుంది. మిగిలిన దాన్ని రైల్వే అధికారులే పిలిచి పీట వేశారు.

సబ్‌వే కట్టినవారికి అందం మీద పట్టింపు లేకపోలేదు. జనం కంటపడే ప్రతి భాగమూ ఉపయోగంతో పాటు అందంగానూ ఉండాలని నిర్మాణ ఒప్పందంలోనే రాసుకున్నారు. హైన్స్ అండ్ లాఫార్జ్ అనే వాస్తుశిల్పుల సంస్థ స్టేషన్ల గోడలకు పింగాణీ పలకలు, మొజాయిక్ అక్షరాలు, కాల్చిన మట్టి బొమ్మలు అమర్చింది. ఆస్టర్ ప్లేస్ స్టేషన్ గోడ మీద చెట్టు మొదలు కొరుకుతున్న బీవర్ అనే జంతువు ఉంటుంది. ఆ చోటికి పేరిచ్చిన ఆస్టర్ కుటుంబం బొచ్చుతోళ్ల వ్యాపారంతోనే సంపన్నమైంది. కొలంబస్ సర్కిల్‌లో కొలంబస్ ఓడ కనిపిస్తుంది. అక్షరం రానివారు కూడా కిటికీలోంచి ఆ బొమ్మ చూసి ఏ స్టేషనో పోల్చుకోవచ్చు. కానీ రైళ్లు మొదలైన కొద్దికాలానికే ఆ పలకల మీద ప్రకటనల చట్రాలు బిగించడం మొదలైంది. కట్టినవారికీ, కళాభిమానులకూ, పత్రికలకూ కోపం వచ్చింది. పెద్ద గొడవే జరిగింది. ప్రకటనలు మాత్రం పోలేదు. సబ్‌వే గోడ ఎవరిదన్న తగవు స్ప్రే డబ్బాలతో మొదలు కాలేదు, సబ్‌వేతో పాటే పుట్టింది. డబ్బు కట్టినవారు గోడ మీద మాట్లాడవచ్చన్నది అప్పుడే ఖాయమైంది.

కవులు సొరంగాల్లోకి తొందరగానే దిగారు, కాకపోతే పుస్తకాల్లో. ఎజ్రా పౌండ్ ప్యారిస్ మెట్రో స్టేషన్‌లో చూసిన ముఖాల మీద ముప్పై వరుసల కవిత రాసి, దాన్ని చింపేసి, చివరికి రెండే వరుసలకు కుదించి 1913లో అచ్చు వేశాడు. రైలు దిగే గుంపును చూసిన చూపు ఎంతసేపుంటుందో కవిత కూడా అంతసేపే ఉంది. న్యూయార్క్ విషయానికి వస్తే హార్ట్ క్రేన్ 1930లో అచ్చయిన ‘ది బ్రిడ్జ్’ కావ్యంలో ఒక భాగమంతా సబ్‌వే ప్రయాణమే. లాంగ్‌స్టన్ హ్యూస్ 1951 నాటి సంపుటిలో, రద్దీ వేళ రైల్లో ఒకరినొకరు ఒరుసుకుని నిలబడ్డ నల్లవారి మీదా తెల్లవారి మీదా చిన్న కవిత ఒకటి ఉంది. బయట వీధుల్లో కుదరని దగ్గరితనం రైలు పెట్టెలో ఇరుకు వల్ల కుదిరిందని గమనించిన కవిత అది. పాటల్లోనూ సబ్‌వే ఉంది. 1932లో మొదలైన ఎ రైలు మాన్‌హాటన్ దిగువ నుంచి హార్లెమ్‌కు ఎక్స్‌ప్రెస్‌గా పరుగు తీసేది. తన ఇంటికి ఎలా రావాలో డ్యూక్ ఎలింగ్టన్ చెప్పిన గుర్తులను బిల్లీ స్ట్రేహార్న్ 1939లో పాటగా కట్టాడు. 1941లో రికార్డయిన ‘టేక్ ది ఎ ట్రెయిన్’ ఎలింగ్టన్ బృందానికి గుర్తింపు పాట అయిపోయింది.

ఈ పాట రేడియోల్లో మోగుతున్న కాలంలో న్యూయార్క్ వీధుల్లో వాద్యం వాయించడం నేరం. మేయర్ ఫియొరెల్లో లగార్డియా 1936 నుంచి వీధి సంగీతగాళ్లకు లైసెన్సులు ఆపేశాడు. కోతిని వెంటబెట్టుకుని ఆర్గన్ పెట్టె తిప్పుతూ చిల్లర అడిగేవారు చాలామంది ఆయనలాగే ఇటలీ మూలాలవారు. తన జాతిని వాళ్లు నలుగురిలో నవ్వులపాలు చేస్తున్నారన్న చిన్ననాటి బాధ ఆయనకు ఉండేది. లైసెన్సు ఇవ్వడమంటే బిచ్చమెత్తడానికి అనుమతి ఇవ్వడమేనని ఆయన వాదన. ఆ నిషేధం 34 ఏళ్లు నడిచింది. 1970లో మేయర్ జాన్ లిండ్సే వీధుల మీద దాన్ని ఎత్తేశాడు కానీ, సబ్‌వే నిబంధనల్లో సంగీతం మీద నిషేధం అలాగే ఉండిపోయింది. ఒక మూల గిటారు వినిపిస్తే పోలీసు వచ్చి పొమ్మనేవాడు, లేదా చలానా రాసేవాడు.

గోడరాత అంటే తెలుగు పాఠకులకు రాజకీయ నినాదమో, సున్నం మీద నీలిరంగుతో రాసిన ఎరువుల ప్రకటనో మనసులో మెదులుతుంది. న్యూయార్క్ గోడరాతలో నినాదం లేదు, ప్రకటన లేదు. ఉన్నది పేరొక్కటే. 1960ల చివర ఫిలడెల్ఫియాలో కార్న్‌బ్రెడ్ అనే మారుపేరుతో ఒక కుర్రాడు ఊరంతా తన పేరు రాశాడు. న్యూయార్క్‌లో జూలియో 204 వంటివారు దాదాపు అదే కాలంలో తమ పేరుకు తాము ఉండే వీధి నంబరు తగిలించి రాయడం మొదలుపెట్టారు. వీరందరిలో పేరు బయటికి పొక్కింది టాకీ 183ది. అతను వాషింగ్టన్ హైట్స్ పేటలో 183వ వీధిలో ఉండే గ్రీకు కుటుంబపు కుర్రాడు. ఉత్తరాలూ పొట్లాలూ మోసుకెళ్లి అందజేసే మెసెంజర్ ఉద్యోగం. రోజంతా ఊరి ఈ మూల నుంచి ఆ మూలకు సబ్‌వేలో తిరగడమే పని. వెళ్లిన చోటల్లా మార్కర్‌తో పేరు రాసుకుంటూ పోయాడు. 1971 జులైలో న్యూయార్క్ టైమ్స్ అతని మీద కథనం వేసింది. గోడలు తుడిపించడానికి ఏటా సుమారు 3 లక్షల డాలర్లు ఖర్చవుతోందని అందులోనే రాసింది. ఆ వార్త చదివి వందల మంది కుర్రాళ్లు మార్కర్లు కొనుక్కున్నారు. పత్రికలో పేరు పడాలంటే రాజకీయ నాయకుడో ఆటగాడో కానక్కర్లేదని వాళ్లకు తెలిసిపోయింది.

వారు తమను చిత్రకారులమని చెప్పుకోలేదు. రైటర్లమన్నారు, అంటే రాసేవాళ్లం. ఈ మాటను గట్టిగా పట్టుకోవాలి, ఎందుకంటే బయటివారు వాడే గ్రాఫిటీ అనే పదంలో ఆ సంగతి వినపడదు. వాళ్ల పనంతా అక్షరం మీదే. మార్కర్‌తో ఒక్క గీతలో వేసే సంతకం ట్యాగ్. స్ప్రే రంగుతో పెద్దగా, రకరకాల రంగుల్లో నింపి వేసేది పీస్. మాస్టర్‌పీస్ అన్న మాటను కురచ చేస్తే వచ్చిన పేరు. 1972 ప్రాంతంలో సూపర్ కూల్ 223 రైలు పెట్టె మీద వేసినదాన్ని మొదటి పీస్‌గా చెప్పుకుంటారు. స్ప్రే డబ్బాకు వేరే సామాన్ల డబ్బాల మూతి బిగిస్తే రంగు వెడల్పుగా పడుతుందన్న కిటుకు కూడా ఆ రోజుల్లోనే కనిపెట్టారు. ఫేజ్ 2 అక్షరాలను గాలి బుడగల్లా ఉబ్బించాడు. ఆ తర్వాత అక్షరాలకు బాణాలు మొలిచాయి, ఒకదాని మీద ఒకటి మెలికలు తిరిగాయి. చివరికి రాసినవాడికీ అతని తోటివాళ్లకూ తప్ప చదవడానికి రానంతగా ముడిపడి వైల్డ్ స్టైల్ అన్న పేరు తెచ్చుకున్నాయి.

పని రాత్రిపూట, రైళ్లు నిలిపే యార్డుల్లో జరిగేది. ముందుగా నల్ల అట్ట పుస్తకంలో బొమ్మ వేసుకునేవారు. రంగు డబ్బాలు చాలావరకు దుకాణాల నుంచి దొంగిలించినవే. కరెంటు పారే మూడో పట్టా మీద కాలు పడకుండా, కాపలావాడి టార్చ్ లైటు కంటపడకుండా, రెండు రైళ్ల మధ్య సందులో నిలబడి, పెట్టె మొత్తం ఎలా వస్తోందో వెనక్కి తగ్గి చూసుకునే వీలైనా లేకుండా వేయాలి. 1976లో ఫ్యాబులస్ ఫైవ్ అనే బృందం పది పెట్టెల రైలు మొత్తాన్ని పైనుంచి కిందిదాకా రంగులతో నింపింది. ఆ బృందంలోని లీ కిన్యోనెస్ తర్వాత పేరున్న చిత్రకారుడయ్యాడు. ఎక్వడార్ నుంచి చిన్నప్పుడు వచ్చిన లేడీ పింక్ 1979లో మొదలుపెట్టి, మగపిల్లల లోకంలో తన పేరు నిలబెట్టుకుంది. డోండి 1980లో వరసగా కొన్ని పెట్టెల నిండా వేసిన అక్షరాలను ఈనాటికీ పాఠంలా చూస్తారు.

రాసినవాడు తన పనిని వెలుగులో చూడాలంటే తెల్లారాక ఏదో ఒక స్టేషన్‌కు పోయి ఆ రైలు కోసం కాచుకోవాలి. బ్రాంక్స్‌లోని 149వ వీధి, గ్రాండ్ కాన్‌కోర్స్ స్టేషన్‌లో ఒక బల్ల ఉండేది. రైటర్స్ బెంచ్ అన్న పేరు దానికి స్థిరపడింది. 2, 5 నంబరు రైళ్లు అటుగా పోతుంటే కుర్రాళ్లు ఆ బల్ల మీద కూర్చుని ఎవరి గీత గట్టిదో, ఎవరు ఎవర్ని కాపీ కొట్టారో తేల్చేవారు. రైలు ఆగి కదిలేలోపు ఉన్న కొన్ని సెకన్లే విమర్శకు దొరికే సమయం. పుస్తకాలు సంతకాల కోసం చేతులు మారేవి. కళాశాల మెట్లెక్కని పిల్లలకు అది కళాశాలే అయింది. ఫోటోగ్రాఫర్ మార్తా కూపర్, శిల్పి హెన్రీ చాల్‌ఫాంట్ ఆ రైళ్లను ఏళ్ల తరబడి ఫోటోలు తీశారు. చాల్‌ఫాంట్ ఎత్తైన స్టేషన్లలో నిలబడి ఒక్కో పెట్టెను అనేక ముక్కలుగా తీసి, ఆ ముక్కలు కలిపి అతికించేవాడు. 1984లో వారి ‘సబ్‌వే ఆర్ట్’ పుస్తకం వచ్చేనాటికి అందులోని చాలా పీస్‌లు తుడిచిపోయాయి. రైలు మీది బొమ్మ ఆయుష్షు వారాలు, ఒక్కోసారి రోజులే. ఈ చరిత్రలో ఇంత మిగిలిందంటే ఆ ఇద్దరి కెమెరాల వల్లనే.

మరో సంగతి కూడా అంతే నిజం. ప్రయాణికుల్లో ఎక్కువమందికి ఆ రాతలు కళగా కనిపించలేదు. పైన రంగుల పీస్ ఉన్న పెట్టె లోపల కిటికీలు, దారి చూపే పటాలు, సీట్లు అన్నీ మార్కర్ గీతలతో నల్లబడి ఉండేవి. 1975లో నగరం దివాలా అంచుకు చేరింది. మరమ్మతులు వాయిదా పడ్డాయి. తలుపులు తెరుచుకోవు, దీపాలు వెలగవు, రైళ్లు దారి మధ్యలో ఆగిపోతాయి. 1940ల చివర ఏటా 200 కోట్లున్న ప్రయాణాలు 1970ల చివరికి సగానికి పడిపోయాయి. సామాజిక శాస్త్రవేత్త నేథన్ గ్లేజర్ 1979 వ్యాసంలో ప్రయాణికుడి మనసును సరిగ్గానే చదివాడు: పేరు రాసిన పిల్లవాడు ఎవరికీ హాని చేయకపోవచ్చు, కానీ ఆ రాతలు చూస్తున్నంతసేపూ ఇక్కడ ఎవరి అదుపూ లేదన్న భయం వదలదు. మూడేళ్ల తర్వాత వచ్చిన ‘విరిగిన కిటికీలు’ సిద్ధాంతం ఆ వ్యాసాన్ని ఉదాహరించింది. రాత్రి పాళీ ముగించుకుని ఒంటరిగా రైలెక్కే స్త్రీకి ఆ భయం సిద్ధాంతం కాదు, రోజువారీ బతుకు. ఆ పిల్లల ప్రతిభ గురించి చెప్పేటప్పుడు ఆమెను మరచిపోతే చరిత్ర సగమే అవుతుంది.

అదే కాలంలో ఇద్దరు యువకులు, రైటర్ల పద్ధతికి దూరంగా జరిగి, ప్రయాణికుడితో నేరుగా మాట్లాడారు. జాన్ మిషెల్ బాస్కియా తన మిత్రుడు అల్ డియాజ్‌తో కలిసి 1970ల చివర సామో అన్న మారుపేరుతో గోడల మీద చిన్న చిన్న వాక్యాలు రాశాడు. అందులో బొమ్మలుండవు, రంగుల హంగు ఉండదు. చదవగానే అర్థమైనట్టే ఉండి, నాలుగడుగులు వేశాక మళ్లీ వెనక్కి లాగే వ్యంగ్య వాక్యాలవి. గోడరాత కవితగా మారిన చోటు అదే. కీత్ హేరింగ్ 1980లో టైమ్స్ స్క్వేర్ స్టేషన్‌లో ఒక సంగతి గమనించాడు. గడువు తీరిన ప్రకటనను కప్పడానికి దాని మీద నల్ల కాగితం అంటిస్తారు. కొత్త ప్రకటన వచ్చేదాకా అది ఖాళీగా పడి ఉంటుంది. పైకి పోయి సుద్దముక్కలు కొనుక్కొచ్చి ఆ కాగితం మీద బొమ్మ వేశాడు. తర్వాత ఐదేళ్లు అదే పని. రోజుకు కొన్నిసార్లు ముప్పై, నలభై బొమ్మలు. కిరణాలు చిమ్ముతూ పాకే పసివాడు, మొరిగే కుక్క, గుంపులుగా ఎగిరే మనుషులు. ఒక్కో బొమ్మ రెండు రైళ్ల మధ్య వ్యవధిలో పూర్తయ్యేది. చుట్టూ మూగిన జనం ఇది దేని గురించి అని అడిగేవారు. డబ్బు కట్టి తీసుకున్న ప్రకటన చోటులో డబ్బు కట్టనివాడు సుద్దతో చేసిన సంభాషణ అది. అతన్ని పలుమార్లు అరెస్టు చేశారు, జరిమానాలు వేశారు.

అందరికీ జరిమానాతో పోలేదు. 1983 సెప్టెంబర్ 15 తెల్లవారుజామున మైఖేల్ స్టూవర్ట్ అనే 25 ఏళ్ల నల్లజాతి యువ కళాకారుణ్ణి ఫస్ట్ అవెన్యూ స్టేషన్‌లో గోడ మీద రాస్తున్నాడని పోలీసులు అరెస్టు చేశారు. వారి అధీనంలో ఉండగానే అతను స్పృహ కోల్పోయాడు. పదమూడు రోజుల తర్వాత ఆసుపత్రిలో చనిపోయాడు. ఆరుగురు అధికారుల మీద విచారణ జరిగి, 1985లో అందరూ నిర్దోషులుగా విడుదలయ్యారు. స్టూవర్ట్ మరణం మీద బాస్కియా 1983లోనే ఒక చిత్రం వేశాడు. వేసింది హేరింగ్ పనిగది గోడ మీద. ఆ ముక్కను హేరింగ్ తర్వాత గోడ నుంచి కోయించి, చట్రం కట్టించి, తన పడక పైన వేలాడదీసుకున్నాడు.

రాతలను ఆపడానికి నగరం చాలా దారులు తొక్కింది. 1977 నుంచి కోనీ ఐలండ్ యార్డులో ఘాటైన రసాయనాలతో పెట్టెలు కడిగారు. రంగులు పూర్తిగా పోక ముద్దగా అలుక్కుపోయేవి. మేయర్ ఎడ్ కాచ్ కాలంలో కరోనా యార్డు చుట్టూ ముళ్లకంచెలు కట్టి, రెండు కంచెల మధ్య కుక్కలను వదిలారు. పట్టు దొరికింది మాత్రం 1984లో డేవిడ్ గన్ అనే అధికారి వచ్చాక. ఆయన నియమం ఒక్కటే. ఒకసారి శుభ్రం చేసిన పెట్టె మీద గీత పడితే, తుడిచేదాకా అది జనంలోకి పోకూడదు. రాత్రంతా కష్టపడి వేసిన పీస్ పగటి వెలుగు చూడకపోతే వేయడమెందుకు? రైటర్లకు కావలసిన ఆ కొన్ని సెకన్ల చూపునే గన్ తీసేశాడు. ఒక్కో దారిని శుభ్రం చేసుకుంటూ పోయి, 1989 మే 12న రాతలున్న చివరి పెట్టెను సర్వీసు నుంచి తప్పించారు. అప్పటికి ఆరు వేలకు పైగా పెట్టెలు శుభ్రమయ్యాయి.

విచిత్రమేమంటే, రాతలు తుడుస్తున్న ఆ ఏళ్లలోనే అదే యాజమాన్యం సబ్‌వేలోకి కళలను పిలవడం మొదలుపెట్టింది. 1985లో ఆర్ట్స్ ఫర్ ట్రాన్సిట్ అనే విభాగం ఏర్పడింది. అదే ఏడాది, ప్లాట్‌ఫారం మీద వాయించినందుకు చలానా పడిన ఒక గిటారు గాయకుడి కేసులో, సంగీతం మీద సంపూర్ణ నిషేధం రాజ్యాంగానికి విరుద్ధమని న్యూయార్క్ కోర్టు తీర్పు చెప్పింది. ప్రయోగంగా మొదలైన మ్యూజిక్ అండర్ న్యూయార్క్ పథకం 1987లో స్థిరపడింది. ఏటా గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో పోటీ పెడతారు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. నెగ్గినవారికి పేరున్న బ్యానర్, ఫలానా స్టేషన్‌లో ఫలానా వేళ అన్న కేటాయింపు దొరుకుతాయి. ఇప్పుడు ఆ జాబితాలో 350కి పైగా కళాకారులు, బృందాలు ఉన్నాయి. ఆండీస్ పర్వతాల వేణువులు, కరీబియన్ ఇనుప డ్రమ్ములు, రెండు తీగల చైనా వాయిద్యం ఎర్హు, పశ్చిమాఫ్రికా కోరా, వాద్యం లేకుండా నోటితోనే శ్రుతి కలిపే డూ-వాప్ బృందాలు. ఇది వలస వచ్చినవారి నగరమని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

పథకంలో లేనివారు కూడా వాయించవచ్చు, చిల్లర తీసుకోవచ్చు. తీర్పు ఇచ్చిన హక్కు అది. హద్దులు శబ్దం మీద పెట్టారు. ప్లాట్‌ఫారాల మీద యాంప్లిఫయర్లు వాడకూడదన్న నిబంధనను 1990లో పైకోర్టు సమర్థించింది. ధ్వని ఐదు అడుగుల దూరంలో 85 డెసిబెల్స్ దాటకూడదు. రైలు ప్లాట్‌ఫారంలోకి వచ్చేటప్పుడు అంతకు మించిన రొద చేస్తుంది కాబట్టి, అనుభవమున్న వాద్యకారులు రైలు వచ్చే వేళకు పల్లవి ముగిసేలా పాటను కొలుచుకుంటారు. పాట మధ్యలో జనం ఖాళీ అవుతారు, నిమిషంలో కొత్త జనం నిండుతారు. వేదిక మీద పాడేవారికి తెలియని లెక్క ఇది.

కంటికి కనిపించని సంగీతం కూడా ఒకటుంది. టైమ్స్ స్క్వేర్‌లో బ్రాడ్‌వే, సెవెంత్ అవెన్యూ కలిసేచోట, 45వ, 46వ వీధుల మధ్య ఒక త్రికోణపు దిమ్మె ఉంది. దాని మీద సబ్‌వేకు గాలి పోయే ఇనుప జాలీ ఉంది. కళాకారుడు మాక్స్ న్యూహాస్ 1977లో ఆ జాలీ కింద యంత్రాలు అమర్చాడు. గుడిగంట మోగి ఆగిపోయాక మిగిలే నాదం లాంటి ధ్వని రాత్రింబవళ్లు అక్కడి నుంచి పైకి వస్తుంటుంది. బోర్డు లేదు. తెలియనివారు యంత్రాల హోరనుకుని దాటిపోతారు. 1992లో ఆగిపోయిన ఆ ధ్వనిని డియా ఆర్ట్ ఫౌండేషన్ 2002లో మళ్లీ మోగించింది. ఊరంతటిలోకీ గోల ఎక్కువైన చోట, అడిగినవారికే వినిపించే నాదాన్ని దాచడంలో గొప్ప నమ్మకం ఉంది.

కవిత లండన్ దారిన వచ్చింది. అక్కడ స్థిరపడిన అమెరికన్ రచయిత్రి జూడిత్ చెర్నాయిక్ ఆలోచనతో 1986 జనవరిలో లండన్ భూగర్భ రైళ్లలో ఖాళీ ప్రకటన చట్రాలలో కవితలు వెలిశాయి. మొదటి ఐదుగురు కవులు షెల్లీ, బర్న్స్, విలియం కార్లోస్ విలియమ్స్, షేమస్ హీనీ, గ్రేస్ నికల్స్. న్యూయార్క్ రవాణా సంస్థ అధ్యక్షుడు అలన్ కీపర్ లండన్‌లో ఆ కవితలు చూసి ముచ్చటపడ్డాడు. పొయెట్రీ సొసైటీ ఆఫ్ అమెరికాతో కలిసి 1992లో పొయెట్రీ ఇన్ మోషన్ మొదలైంది. ముందుగా వాల్ట్ విట్మన్, ఎమిలీ డికిన్సన్, యేట్స్, లూసిల్ క్లిఫ్టన్‌ల కవితలు ఎక్కాయి. సబ్‌వే లేని కాలంలో పడవ మీద నది దాటే జనాన్ని చూసి విట్మన్ రాసినది ఆ రైళ్లలో పెట్టడం మంచి ఎంపిక. కవిత పొట్టిగా ఉండాలి, నిలబడి ఊగుతూ చదవగలగాలి, రెండు స్టేషన్ల మధ్య ముగియాలి. ప్రయాణికులు కవితలను చీటీల మీద ఎక్కించుకున్నారు, సంస్థకు ఉత్తరాలు రాశారు. 1996లో నూరు కవితల సంకలనం వచ్చింది. 2008లో పథకాన్ని ఆపి, చరిత్ర, తత్వశాస్త్రాల నుంచి ఉల్లేఖనాలు పెట్టారు. అవి కవితలంతగా నాటుకోలేదు. 2012లో పథకం తిరిగొచ్చింది. ఈసారి స్టేషన్ గోడల మీది శాశ్వత చిత్రాలలో ఒకటి కవితకు వెనుక నిలిచింది. మెట్రోకార్డుల వెనుక వైపున కూడా కవితలు అచ్చయ్యాయి.

ఈ కవితల పథకం మొదలవడానికి ఒక ఏడాది ముందే, పోర్ట్ అథారిటీ బస్సు స్టేషన్‌నూ టైమ్స్ స్క్వేర్‌నూ కలిపే సొరంగ దారిలో కళాకారుడు నార్మన్ కోల్ప్ ఇంకో రకం కవిత పెట్టాడు. పైకప్పు దూలాలకు వరసగా పలకలు. ఒక్కో పలక మీద ఒకటి రెండు మాటలు. పాత రోజుల్లో రోడ్డు పక్కన వరసగా పాతిన షేవింగ్ క్రీమ్ ప్రకటనల తరహాలో, నడుస్తూ పోతే కవిత పూర్తవుతుంది. నిద్ర చాలని, ఆలస్యమైపోయిన ఉద్యోగి గోడు అది; చివరన ఒక మంచం ఫోటో. కొద్దికాలానికే పెట్టారు కానీ తీసేయలేదు. చదవడానికి ఆగనక్కర్లేదు, ఆగితే కవితే సాగదు. తొందరనే ఛందస్సుగా చేసుకున్న కవిత ఇంకొకటి దొరకడం కష్టం.

తొందరలో ఉన్నవారు అందాన్ని గుర్తించరనడానికి అందరూ చెప్పే ఉదంతం న్యూయార్క్‌ది కాదు, వాషింగ్టన్‌ది. 2007 జనవరి 12 ఉదయం ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు జాషువా బెల్, వాషింగ్టన్ పోస్ట్ పత్రిక కోరిక మీద, 1713 నాటి స్ట్రాడివేరియస్ వయొలిన్‌తో ఒక మెట్రో స్టేషన్‌లో 43 నిమిషాలు వాయించాడు. 1,097 మంది దాటిపోయారు, నిలబడి విన్నది ఏడుగురు. 32 డాలర్లు, కొంత చిల్లర రాలింది. పత్రిక కథనానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. కానీ బెల్ నిలబడ్డ చోటు స్టేషన్ ద్వారం. రైలు దిగి ఆఫీసు వైపు నడిచేవారు అటుగా పోతారు, అక్కడ ఎవరూ దేనికోసమూ వేచి ఉండరు. ప్లాట్‌ఫారం మీదైతే లెక్క మారేది. న్యూయార్క్ వాద్యకారులు ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. చిల్లర ఎక్కడ రాలుతుందో, ఎక్కడ రాలదో వారికి ఏ పత్రికా చెప్పనక్కర్లేదు. ఆ కథనంలో నిలిచిపోయే మాట ఇంకొకటుంది. అటుగా వెళ్లిన పసిపిల్లల్లో ప్రతి ఒక్కరూ ఆగి వినబోయారు. ప్రతిసారీ వెంట ఉన్న పెద్దలు లాక్కుపోయారు.

రైళ్ల మీది నుంచి పోయిన గోడరాత గ్యాలరీలకూ, మ్యూజియాలకూ, ఇతర దేశాల గోడలకూ చేరింది. క్వీన్స్‌లో 7వ నంబరు రైలు కిటికీల్లోంచి కనిపించే ఒక పాత ఫ్యాక్టరీ గోడలపై యజమాని ఒప్పుకోలుతో ఏళ్ల తరబడి చిత్రకారులు పనిచేశారు. దాని పేరు ఫైవ్ పాయింట్జ్. భవనం కూల్చడానికి ముందు, 2013 నవంబర్‌లో ఒక రాత్రి బొమ్మలన్నిటి మీదా తెల్లరంగు పూశారు. చిత్రకారులు కోర్టుకెళ్లారు. 2018లో న్యాయమూర్తి 21 మంది కళాకారులకు 67.5 లక్షల డాలర్ల పరిహారం విధించారు. పైకోర్టు 2020లో దాన్ని ఖాయం చేసింది. 1971లో మూడు లక్షలు ఖర్చుపెట్టి తుడిపించిన రాతకు వారసులైన బొమ్మలవి. 2016 నవంబర్‌లో, అధ్యక్ష ఎన్నికల తర్వాత, 14వ వీధి సబ్‌వే దారిలో రంగు రంగుల అంటుకాగితాల మీద ప్రయాణికులు తమ దిగులూ ధైర్యమూ రాసి పలకల గోడకు వేల సంఖ్యలో అంటించారు. వాటిలో కొన్నిటిని న్యూయార్క్ హిస్టారికల్ సొసైటీ భద్రపరచింది.

2020 వసంతంలో కోవిడ్‌తో సబ్‌వే నిశ్శబ్దమైంది. ప్రయాణాలు పదో వంతు కన్నా తక్కువకు పడిపోయాయి. మే 6 నుంచి అర్ధరాత్రి దాటాక కొన్ని గంటలు స్టేషన్లు మూసేశారు. రాత్రింబవళ్లు నడిచే ఈ రైళ్లకు అలాంటి ఏర్పాటు కొత్త. సంగీత పథకం ఆగిపోయింది, ఏడాది దాటాకే మళ్లీ మొదలైంది. రవాణా సంస్థ ఉద్యోగుల్లో 130 మందికి పైగా కోవిడ్‌తో మరణించారు. వారి కోసం 2021 జనవరిలో వందకు పైగా స్టేషన్ల తెరల మీద ఒక చిత్రం వేశారు. దానికి ట్రేసీ కె. స్మిత్ కవిత రాసింది, క్రిస్టఫర్ థాంప్సన్ సంగీతం కూర్చాడు. కవిత, సంగీతం, గోడ మూడూ ఒకే పనికి కలిశాయి. డ్రైవర్లు, కండక్టర్లు, పట్టాలు సరిచేసేవారు, స్టేషన్లు ఊడ్చేవారు ఒక్కొక్కరి ముఖమూ వచ్చి వెళుతుంది. చిత్రం నిడివి ఎనిమిది నిమిషాలు. అంతకన్నా ముందే రైలు వచ్చేస్తే, చివరి ముఖం దాకా చూడదలచినవారు ఆ రైలును వదులుకోవలసి వచ్చేది.